ప్రేక్షకురాలికి గుర్తుంది, సీరియల్‌కే లేదు

టీవీ సీరియళ్ల మీద చదువుకున్నవాళ్లు చేసే ఫిర్యాదులు అందరికీ తెలిసినవే. ఒక్క మాటకు నాలుగు ముఖాలు చూపిస్తారని, పట్టుచీర కట్టుకుని నిద్రపోతారని, అత్తలందరూ రాక్షసులేనని అంటుంటారు. రోజూ సీరియల్ చూసేవాళ్లకు ఇవేవీ పట్టవు. బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లలో పొద్దుగూకినంక చాట ఒళ్లో పెట్టుకుని, చేతులు బీడీలు చుడుతుంటే కళ్లు టీవీ మీద ఉంచే ఆడవాళ్ల మాటలు వినండి. పట్టుచీర సంగతి ఒక్కరూ ఎత్తరు. "మొన్న సచ్చిపాయె అన్నరు గద, మల్ల ఎట్లొచ్చింది వదినె?" అంటారు. "గా ముచ్చట ఆయనకు ముందే ఎరుక గద, ఇప్పుడు కొత్తగ ఇన్నట్టు మొకం పెట్టిండేంది?" అంటారు. ఇవి విమర్శకులకు తట్టని ప్రశ్నలు. కథ చెప్పేవాళ్లు కథను మరిచిపోతున్నారన్నది ఆ ప్రశ్నల సారాంశం.

అసలు పేచీ ఇక్కడే ఉంది. సీరియల్ నిజజీవితంలా ఉండాలని ఎవరూ కోరడం లేదు. తాను చెప్పిన అబద్ధానికైనా తాను కట్టుబడి ఉంటే చాలు. అయిదేళ్లు నడిచే కథకు గొప్ప కెమెరా, విదేశీ లొకేషన్లు, పేరున్న తారలు ఏవీ ఉండవు. దానికి ఉన్న ఒకే ఒక్క పెట్టుబడి గతం. ఫలానా రోజు ఫలానా మనిషి ఏమన్నాడో, ఎవరు ఎవరిని క్షమించలేదో ఇంటింటా గుర్తుండటమే దాని ఆస్తి. ఆ ఆస్తిని కాపాడుకోవాల్సినవాళ్లే దాన్ని అడ్డంగా భావించి తీసి పారేస్తున్నారు.

'కార్తీకదీపం' దీనికి పెద్ద ఉదాహరణ. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరి 23న ముగిసింది. 1,500కు పైగా ఎపిసోడ్లు నడిచింది. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు'కు ఇది తెలుగు రూపం. ఆ మలయాళ సీరియల్లో నటించిన ప్రేమి విశ్వనాథే ఇక్కడ దీప అయింది, తెలుగువాళ్లకు వంటలక్క అయింది. ఏళ్ల తరబడి రేటింగుల పట్టికలో దీనిదే మొదటి స్థానం. ఏడున్నరకు ఫోన్ చేస్తే ఇంట్లోవాళ్లు విసుక్కునేంతగా జనం దానికి అలవాటు పడ్డారు.

అంత ఆదరణ ఊరికే రాలేదు. మొదటి ఎపిసోడ్లలో బలమైన కథే ఉంది. నల్లగా ఉందని ఆడపిల్లను ఇంటా బయటా తక్కువ చేయడం మన ఊళ్లలో కొత్త కాదు. పెళ్లిచూపుల్లో రంగు చూసి కట్నం పెంచిన సంబంధాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి పిల్లను కార్తీక్ అనే డాక్టరు ఇష్టపడి చేసుకోవడం, అతనే ఆమె శీలాన్ని అనుమానించి వదిలేయడం, ఆమె వంటలు చేసుకుంటూ బిడ్డను పెంచుకోవడం, ఆమెకు పుట్టిన కవలల్లో ఒకరు తండ్రి దగ్గర, ఒకరు తల్లి దగ్గర పెరగడం. చూసేవాళ్లకు ఇది కల్పన అనిపించలేదు, తెలిసిన ఇంటి గొడవలాగే ఉంది.

తర్వాత ఏం జరిగింది? రంగు సంగతి మెల్లగా కనుమరుగైంది. నల్లదనం వల్ల అవమానపడిన మనిషి కథ కాస్తా, ప్రతినాయిక మోనిత పన్నే కుట్రల వరుసగా మారింది. అనుమానం మాత్రం ఏళ్లకు ఏళ్లు సాగింది. డాక్టరై ఉండి కార్తీక్ ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకోడేమని ఊళ్లన్నీ అడిగాయి, ఫోన్లలో జోకులు తిరిగాయి. ఆ జోకును నిర్మాతలు ప్రచారంగా తీసుకున్నారేమో గానీ, అది నిజానికి హెచ్చరిక. పాత్రకు ఉన్న చదువును కథ మరిచిపోయిందని ప్రేక్షకులు అప్పుడే కనిపెట్టేశారు.

2022 మార్చిలో కార్తీక్‌ను, దీపను ప్రమాదంలో చంపేసి, పిల్లలు పెద్దవాళ్లయ్యారంటూ కథను ముందుకు దూకించారు. రేటింగులు పడిపోయాయి. కొన్ని నెలలు తిరిగేసరికి ఇద్దరూ బతికే ఉన్నారన్నారు. దీప కోమాలోంచి లేచింది. కార్తీక్‌కు గతం గుర్తులేదు, అతను మోనిత గుప్పిట్లో ఉన్నాడు. నాలుగున్నరేళ్లు ప్రేక్షకులు మోసిన కథంతా ఆ ఒక్క మతిమరుపుతో మళ్లీ మొదటికొచ్చింది. మతి పోయింది డాక్టర్ బాబుకా, రచనా విభాగానికా అని అనుమానం రాక మానదు.

రేటింగు పడిపోవడాన్ని చానల్ తప్పుగా చదువుకుందన్నది నా అభిప్రాయం. జనానికి కావలసింది ఆ రెండు ముఖాలే అనుకుని వాటిని తిరిగి తెచ్చారు. ముఖాలతో పాటు జనం కోల్పోయింది ఇంకోటి ఉంది. అంత అవమానం చేసిన మొగుడు ఆమెకు సంజాయిషీ చెప్పుకోవాలి, అన్నేళ్ల దూరానికి ఒక లెక్క తేలాలి. ఆ లెక్క తేలి ఇద్దరూ కలిసి బతకడాన్ని నాలుగు రోజులు కళ్లారా చూడకముందే మనుషుల్ని చంపేశారు. తిరిగి తెచ్చినప్పుడు లెక్కే గుర్తులేకుండా చేశారు.

'గుప్పెడంత మనసు'దీ ఇదే దారి. 2020 డిసెంబరులో మొదలైన ఈ సీరియల్ బెంగాలీ 'మొహర్' ఆధారంగా వచ్చింది. చిన్నప్పుడు తనను వదిలి వెళ్లిన తల్లిని అమ్మా అని పిలవని రిషి, చదువు కోసం పెళ్లిపీటల మీంచి లేచి వచ్చిన వసుధార, కొడుకు పిలుపు కోసం ఎదురుచూసే జగతి. చదువును, తల్లీకొడుకుల మధ్య దూరాన్ని ముడివేసిన మంచి సరంజామా అది. 2023లో జగతి పాత్రను చంపేశారు. ఆ తర్వాత రిషి నెలల తరబడి తెర మీద లేడు. చనిపోయాడన్నారు, కొత్త హీరోను తెచ్చారు, అచ్చం అతనిలాగే ఉన్న ఆటోడ్రైవరన్నారు, చివరికి అతనే ఇతనన్నారు. 2024 ఆగస్టులో కథ ముగించారు. నటుడికి ఆరోగ్యమో, మరో పనో అడ్డం రావచ్చు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. నటుడు లేని లోటును కథలో ఎలా పూడ్చారన్నదే ప్రశ్న.

ఇలా ఎందుకవుతుందో అర్థం చేసుకోకుండా రచయితలను తిట్టడం న్యాయం కాదు. సోమవారం నుంచి శనివారం దాకా వారానికి ఆరు ఎపిసోడ్లంటే ఏడాదికి 312. ప్రకటనలు గంటకు 12 నిమిషాలు మించకూడదన్న నిబంధన ప్రకారం అరగంటలో కథకు మిగిలేది 24 నిమిషాలు. అందులో టైటిల్, నిన్నటి కథ, రేపటి కథ పోగా ఇరవై నిమిషాలు వేసుకున్నా ఏడాదికి నూరు గంటలు దాటుతుంది. అంటే ఒకే కథతో ఏటా 40 సినిమాలు తీసినట్టు. ఆ పైన ప్రతి గురువారం, టీవీ ప్రేక్షకుల్ని లెక్కించే బార్క్ సంస్థ రేటింగులు వస్తాయి. అంకె తగ్గితే ఆ వారమే ట్రాక్ మార్చమంటారు. కథ ఒకరు, స్క్రీన్‌ప్లే ఒకరు, మాటలు ఒకరు రాస్తారు. మధ్యలో ఒకరు మానేస్తే కొత్తగా వచ్చినవాళ్లు వెయ్యి ఎపిసోడ్లు వెనక్కి వెళ్లి చూడరు, చూసేంత టైమూ ఇవ్వరు. మాతృక వేరే భాషలో ఉన్నంత కాలం దారి కనిపిస్తుంది. ఆ కథ అయిపోయాక కూడా ఇక్కడ రేటింగు బాగుంటే, ముగింపు దాటిపోయిన కథను చీకట్లో తడుముతూ లాగాల్సిందే.

ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. కానీ రచయితలు మారినంత మాత్రాన కథ గతం మరవాలన్న నియమం ఎక్కడా లేదు. తెలుగువాళ్లకు ఆ మాట చెప్పనక్కర్లేదు, మన మహాభారతమే సాక్ష్యం. సభాపర్వంలో దుర్యోధనుడి తొడ విరగ్గొడతానని భీముడు చేసిన ప్రతిజ్ఞను తెలుగులో రాసింది పదకొండో శతాబ్దపు నన్నయ. శల్యపర్వంలో ఆ తొడ విరిగేది పదమూడో శతాబ్దపు తిక్కన చేతిలో. అరణ్యపర్వంలో మిగిలిపోయిన భాగాన్ని ఆ తర్వాత ఎర్రన పూరించాడు, అదీ నన్నయే రాశాడనిపించేలా రాజరాజనరేంద్రుడికి అంకితమిస్తూ. ముగ్గురు రచయితలు, సుమారు మూడు శతాబ్దాలు. అయినా ఒక్క శాపం, ఒక్క శపథం దారి తప్పలేదు. సంస్కృత మూలం ముందుంది కదా అనవచ్చు. మన సీరియళ్ల ముందు కూడా వాళ్లు తీసిన ఎపిసోడ్లే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూసుకోవడమే తక్కువైంది.

బాన్సువాడ ఉన్న ఉమ్మడి నిజామాబాద్ జిల్లా ప్రేక్షకులకు ఈ విషయంలో ఓపిక తక్కువ ఉండటానికి ఇంకో కారణం ఉంది. చిందు కళాకారిణి చిందుల ఎల్లమ్మ ఆడిపాడిన జిల్లా ఇది. రాత్రంతా సాగే చిందు యక్షగానం, ఒగ్గు కథ చూసి పెరిగిన తరం ఇంకా ఇళ్లల్లో ఉంది. అక్కడ కథ ముందే అందరికీ తెలుసు. కళాకారుడు సాగదీసినా, పిట్టకథ పెట్టినా, నవ్వించినా ఎవరూ ఏమనరు. కథ తప్పితే మాత్రం ముందు వరసలో కూర్చున్న ముసలాయన అక్కడే ఆపి అడుగుతాడు. సాగదీయడం వేరు, తప్పు చెప్పడం వేరు అని తెలిసిన ప్రేక్షకులు వీళ్లు. ఆ తర్వాతి తరం వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు కోసి, కుట్టించి, పుస్తకం చేసుకుని మళ్లీ చదివింది. అలా చదివినప్పుడు మూడో వారానికీ ముప్పయ్యో వారానికీ పొత్తు కుదరకపోతే రచయిత పరువు పోయేది.

టీవీలోనూ ఆ మర్యాద ఒకప్పుడు ఎక్కువే. దూరదర్శన్ రోజుల్లో 13 ఎపిసోడ్లకు కథ కుదించి రాసేవాళ్లు. దర్శకురాలు మంజులా నాయుడు 'ఋతురాగాలు' నుంచి జెమినీ టీవీలో 'చక్రవాకం' (2003–2008), 'మొగలిరేకులు' (2008–2013) దాకా వందల ఎపిసోడ్లు నడిపారు. వాటిలోనూ సాగతీత ఉంది, ఆ రోజుల్లో విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. అయినా పాత్రల పేర్లు, వాళ్ల మధ్య చుట్టరికాలు, పాత పగలు ఇప్పటికీ జనం చెప్పుకోగలుగుతున్నారంటే, కథ తన మనుషుల్ని తాను గుర్తుపెట్టుకుంది కాబట్టే. ఈటీవీలో 'అభిషేకం' 2008 నుంచి 2022 దాకా 4,000 ఎపిసోడ్లు నడిచింది. అన్ని ఎపిసోడ్లు నడపగల సత్తా మన పరిశ్రమకు ఉంది. ఆ నిడివికి తగ్గ జ్ఞాపకాన్ని కాపాడే ఏర్పాటే లేదు.

ఈ జబ్బు మనకొక్కరికే కాదు. అమెరికాలో 'డాలస్' 1986లో ఒక సీజన్ సీజనంతా కల అని కొట్టేసి, చచ్చిపోయిన పాత్రను తిరిగి తెచ్చింది. అది నేటికీ నవ్వులాటే. హిందీలో 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' మిహిర్‌ను చంపి, గోల జరిగాక బతికించింది. దీనికి విరుగుడూ బయటి దేశాల్లో ఉంది. బ్రిటన్‌లో 1951 నుంచి నడుస్తున్న రేడియో నాటకం 'ది ఆర్చర్స్' పాత్రల పుట్టినరోజులు, పెళ్లిళ్లు, తగాదాలు నమోదు చేసే సొంత ఆర్కైవ్ పెట్టుకుంది. 1960 డిసెంబరులో మొదలైన 'కొరొనేషన్ స్ట్రీట్'లో కెన్ బార్లో పాత్రను తొలి ఎపిసోడ్ నుంచీ విలియం రోచే పోషిస్తున్నారు. అరవై ఏళ్ల కింది మాట ఆ పాత్ర నోట వస్తే చూసేవాళ్లకు కలిగే స్పందన ఏ ట్విస్టుతోనూ రాదు.

గతానికి విలువ ఉందని మన చానళ్లకు తెలియక కాదు. 'కార్తీకదీపం 2' చూడండి. 2024 మార్చిలో మొదలైంది. అదే జంట, అవే పేర్లు దీప, కార్తీక్. కథ మాత్రం పూర్తిగా వేరు, పాత దీపకు జరిగినదానితో దీనికి సంబంధం లేదు. ప్రోమోలో జనాన్ని పిలవడానికి పాత జ్ఞాపకం కావాలి, కథ చెప్పేటప్పుడు ఆ జ్ఞాపకం అక్కర్లేదు. కిరాణా కొట్టువాడు పాత బాకీ గురించి అడిగితే "అది పాత ఖాతా, ఇది కొత్త ఖాతా" అని చెప్పి, పరపతి మాత్రం పాతదే వాడుకున్నట్టుంది ఈ వ్యవహారం.

జనం చూస్తూనే ఉన్నారు కదా, నష్టమేమిటని అడగవచ్చు. చూడటం, నమ్మడం ఒకటి కాదు. చావు నిజం కాదని ఒకసారి తేలాక తర్వాతి చావుకు ఎవరూ ఏడవరు. క్షమాపణ రేపు మరిచిపోతారని తెలిశాక ఇవాళ్టి క్షమాపణ ఎవరినీ కదిలించదు. బీడీలు చుట్టే చేతులు ఆగవు, టీవీ మీద ఉండాల్సిన కళ్లు మాత్రం చాటలోకి దిగిపోతాయి. రేటింగులు లెక్కించే మీటరుకు అది అందదు. ఏ చానల్ నడుస్తోంది, టీవీ ముందు ఎవరున్నారు అన్నదే దానికి లెక్క.

చేయాల్సింది కష్టమేమీ కాదు. ప్రతి సీరియల్‌కు ఒక కథాపుస్తకం ఉండాలి. ఎవరికి ఏ నిజం ఎప్పుడు తెలిసింది, ఎవరు ఎవరికి ఏ మాట ఇచ్చారు అన్నవి అందులో రోజూ ఎక్కాలి. దాన్ని చూసుకునే ఒక మనిషికి జీతమివ్వడం, హీరోయిన్ నగల అద్దెతో పోలిస్తే పెద్ద ఖర్చు కాదు. మాతృక కథ అయిపోతే సీరియల్ కూడా ముగించాలి. రేటింగు బాగున్నప్పుడే ముగించిన కథ పేరు నిలుస్తుంది. ఏళ్లు దూకించాలనుకుంటే దూకే ముందు పాత గొడవలు తేల్చాలి, తేలనివి తర్వాతి తరం నెత్తిన పడాలి. నటుడు మానేస్తే మరో నటుణ్ణి తేవాలి. తెలుగు ప్రేక్షకులు కొత్త ముఖాన్ని వారంలో ఒప్పుకుంటారు, అబద్ధపు చావును ఎన్నేళ్లకూ ఒప్పుకోరు.

ఒకప్పుడు నిన్నటి ఎపిసోడ్ గాల్లో కలిసిపోయేది. ఇప్పుడు బాన్సువాడలో కూడా ప్రతి చేతిలో ఫోన్ ఉంది, జియోహాట్‌స్టార్‌లో పాత ఎపిసోడ్లు ఉన్నాయి. ఎవరు ఎప్పుడు ఏమన్నారో రెండు నిమిషాల్లో తీసి చూపించగలరు. జనం మరిచిపోతారన్న ధీమా మీద నడిచిన వ్యాపారానికి ఆ ధీమా ఇక చెల్లదు. రేపు మొదటి స్థానం ఎవరిదన్నది ఎవరి దగ్గర ఎక్కువ ట్విస్టులున్నాయన్నదాన్ని బట్టి తేలదు. మూడేళ్ల కిందటి మాటకు ఇవాళ జవాబు చెప్పగల సీరియల్‌కే అది దక్కాలి.