హెడ్మాస్టర్ కుర్చీకి చదువు అక్కర్లేదా?

బస్సు తోలాలంటే లైసెన్సు కావాలె. మందుల దుకాణం పెట్టాలంటే ఫార్మసిస్టు ఉండాలె. నల్లకోటు తొడగాలంటే లా పట్టా చూపాలె. వందల మంది పేద పిల్లల బతుకును చేతిలో పెట్టుకునే ప్రభుత్వ హైస్కూలు హెడ్మాస్టర్‌కు మాత్రం బడి నడపడం నేర్పే చదువేదీ అక్కర్లేదట! సీనియారిటీ లిస్టులో పేరు పైకి రావాలె, డిపార్ట్‌మెంటల్ పరీక్షలు గట్టెక్కాలె, అంతే. నిన్నటిదాకా లెక్కలు చెప్పిన సారు తెల్లారేసరికి ప్రధానోపాధ్యాయుడు. ఈత నేర్పకుండా బావిలోకి తోసి, మునిగితే నీదే తప్పు అనడం విద్యాశాఖకు అలవాటైపోయింది.

ఆ పరీక్షలు అడిగేదేమిటి? సర్వీసు రూల్స్, ట్రెజరీ బిల్లులు, సెలవుల నిబంధనలు. అవి తెలియాల్సిందే, కాదనం. కానీ తొమ్మిదో తరగతికి వచ్చినా వాక్యం కూడబలుక్కుంటున్న పిల్లను ఏం చేయాలె? కొత్త టీచర్ పాఠాన్ని వెనక బెంచీలో కూర్చొని చూసి, మనసు నొవ్వకుండా ఎట్ల సరిదిద్దాలె? బడి మానబోయే పిల్లగాన్ని ముందే ఎట్ల పసిగట్టాలె? వీటికి ఏ పేపరులో జవాబుంది? గురుకులాల ప్రిన్సిపాల్ పోస్టుకు పీజీ అడుగుతరు, బీఈడీ అడుగుతరు, అనుభవం అడుగుతరు. రాత్రిపూట హాస్టల్ పిల్లలకు జ్వరమొస్తే, వంటింట్లో కుళ్లిన కూరగాయలు దిగితే ఏం చేయాలో నేర్పిన చదువు మాత్రం అడగరు.

చట్టాలు లేవా? ఉన్నయి. 2009 విద్యాహక్కు చట్టం ప్రాథమిక బడిలో 150 మంది పిల్లలు దాటితే, ప్రాథమికోన్నత బడిలో 100 దాటితే హెడ్ టీచర్ ఉండాలన్నది. 2020 జాతీయ విద్యా విధానం ప్రిన్సిపాళ్లకు ఏడాదికి 50 గంటల శిక్షణ అన్నది. కేంద్ర విద్యా ప్రణాళికా సంస్థ నీపాలో 2012లోనే పాఠశాల నాయకత్వ కేంద్రం పెట్టిండ్రు, డిప్లొమా కోర్సూ తెచ్చిండ్రు. ఢిల్లీలో దీపం వెలిగిస్తే దండేపల్లి బడిలో చీకటి పోతదా? యాభై గంటలంటే వారం రోజుల పని. వారం రోజుల్లో వంట నేర్చుకోవడమే కష్టం, బడి నడపడం వస్తదా?

అయితే ఈ మాట ఎత్తగానే చెవులు నిక్కబొడుచుకునేటోళ్లు ఉన్నరు. వాళ్లే పట్టాల వ్యాపారులు! రేపు ‘ఎంఏ స్కూల్ లీడర్‌షిప్’ బోర్డు కట్టి, హాజరు అక్కర్లేదు, ఫీజు కడితే చాలు అంటరు. బీఈడీని ఏం చేసిండ్రో చూడలేదా? సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లోనే ఈ బాగోతం బయటపెట్టింది. పదివేలకు పైగా ఉన్న విడి శిక్షణ కాలేజీల్లో ఎక్కువ భాగం చదువు చెప్పడం లేదు, పట్టాలు అమ్ముకుంటున్నయని 2020 విధానపత్రమే ఆ నివేదికను ఉటంకించి ఒప్పుకున్నది.

ఈ రోగం మన ఒక్కరిదే కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రిన్సిపాల్ కావాలంటే మాస్టర్స్ డిగ్రీ, లైసెన్సు కావాలె. ఫలితం? కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీ అధ్యక్షుడిగా ఉన్న ఆర్థర్ లెవీన్ 2005లో ఆ కోర్సులను పరిశీలించి కడిగిపారేసిండు. యూనివర్సిటీలు వాటిని పాడి ఆవుల్లా పిండుకుంటున్నయి. డిగ్రీకి జీతం పెరుగుతదని, ప్రిన్సిపాల్ కావాలన్న ఉద్దేశం లేనోళ్లు కూడా చేరుతున్నరు అన్నడు. ఆయన మెచ్చుకున్నది ఇంగ్లండ్ ప్రభుత్వం 2000లో పెట్టిన నేషనల్ కాలేజీని. అక్కడ కొత్త హెడ్మాస్టర్లకు ప్రత్యేక అర్హతను తప్పనిసరి చేసిండ్రు. 2012లో ఆ నిబంధన ఎత్తేసిండ్రు, 2013లో కాలేజీని మరో సంస్థలో కలిపేసిండ్రు. అంటే బజారుకు వదిలితే పట్టా సరుకైతది, సర్కారు చెయ్యి వదిలితే ఉన్న సంస్థా నిలవదు. రెండు పాఠాలూ మనకు కావాలె.

ఇక మన ఉపాధ్యాయ సంఘాల మిత్రులతో ఒక మాట. ‘ముప్పై ఏళ్ల సర్వీసే పెద్ద చదువు, సీనియారిటీ మీద చెయ్యి వేస్తే ఊరుకోం’ అంటున్నరు. మీ భయం ఉత్తది కాదు. ఏకీకృత సర్వీసు రూల్స్ పేరుతో పంచాయతీరాజ్, ప్రభుత్వ టీచర్లు ఏళ్లకేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిండ్రు. 2014లో రాష్ట్రం వచ్చింది. 2015 తర్వాత 2023 దాకా పదోన్నతుల బండి కదల్లేదు. ఎంఈవో కుర్చీల్లో కూడా ఏళ్ల తరబడి ఇన్‌ఛార్జీలే. నియామకాల కోసం కొట్లాడిన గడ్డ మీద ఇదేం న్యాయం? ఇంత దెబ్బతిన్నోళ్లకు ‘ఇంకో పట్టా తే’ అంటే కడుపు మండదా? కానీ ముప్పై ఏళ్లు పాఠం చెప్పడం వేరు, పాఠం చెప్పే ఇరవై మందిని నడిపించడం వేరు. ఆ తేడా మనకు తెలుసు. తెలిసీ నోరు మూసుకుంటే నష్టపోయేది మన పిల్లలు కాదు. మనలో చాలామంది పిల్లలు ప్రైవేటు బడుల్లోనే ఉన్నరు. నష్టపోయేది కూలోళ్ల పిల్లలు.

అందుకే సీనియారిటీకి గొడ్డలి పెట్టని చదువు అడుగుదాం. పదోన్నతి వరుసలో ఉన్నోళ్లను ముందే ఏడాది పాటు, పూర్తి జీతంతో, సర్కారు ఖర్చుతో చదివించాలె. తెలుగులో, ఉర్దూలో చెప్పాలె. ఉస్మానియా, కాకతీయ యూనివర్సిటీలు, మాసబ్‌ట్యాంక్ ఐఏఎస్ఈ ఉండంగ ప్రైవేటు కాలేజీల గడప ఎందుకు తొక్కాలె? సగం చదువు తరగతి గదిలో, సగం మంచిగ నడుస్తున్న బడిలో అనుభవమున్న హెడ్మాస్టర్ పక్కన సాగాలె. ఒకసారి తప్పినోళ్లకు మళ్లీ అవకాశం ఇయ్యాలె. ఫీజు పెడితే మొదట వెనకబడేది మహిళా టీచర్లు, దళిత బహుజన టీచర్లే. కనుక ఒక్క రూపాయి కూడా వసూలు చేయొద్దు.

డబ్బులెక్కడివి అంటరా? గోడలకు రంగులేయడానికి ఎక్కడివో ఇవీ అక్కడివే. 2022లో ‘మన ఊరు మన బడి’ అన్నరు, 2024లో ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ కమిటీలు అన్నరు. పేర్లు మారినయి, సున్నాలు పడ్డయి. ఆ గోడల నడుమ బడిని నడిపేటోళ్లకు నేర్పడం మాత్రం ఏ సర్కారుకూ పట్టలేదు. సంఘాలారా, వచ్చే చర్చల్లో పీఆర్సీ, డీఏల పక్కన ఈ డిమాండ్ కూడా పెట్టండి. విద్యార్థులారా, మీ ఊరి బడికి పోయి హెడ్మాస్టర్ ఉన్నడా, ఇన్‌ఛార్జి ఉన్నడా అడగండి. అడగందే అమ్మయినా పెట్టదు. ఇక సర్కారు పెడతదా?