అటక మీద పుస్తకం

మొన్న వేసవిలో ఓ పెళ్లికని కోటవురట్ల వెళ్లాను. నర్సీపట్నం నుంచి అడ్డరోడ్డు వైపు వెళ్లే దారిలో ఉంటుందా ఊరు. 2022 దాకా విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. భోజనాలయ్యాక ఓ పెద్దాయన నా పక్కకి కుర్చీ జరుపుకుని, ‘మీరు పేపర్లో రాస్తారటగా... ఓసారి మా ఇంటిదాకా వస్తారా?’ అన్నారు. రిటైరైన తెలుగు మాస్టారు. తన పేరు రాయొద్దన్నారు కాబట్టి మనమూ మాస్టారనే అందాం.

ఇంటికెళ్లాక నిచ్చెన వేసి అటక మీదికి చూడమన్నారు. పురికొసతో కట్టిన కట్టలు, గోడ నుంచి గోడ దాకా. అన్నీ ఒకటే పుస్తకం, ఆయన కథల సంపుటి. వెయ్యి కాపీలు వేయిస్తే నాలుగేళ్లలో ఇల్లు దాటినవి నూట ఎనభై. వాటిలో అమ్ముడైనవెన్నో అడగొద్దన్నారు. మంచినీళ్లు తెచ్చిన వాళ్లావిడ ‘చింతపండు కుండలు పెట్టుకోడానికి చోటు లేదు బాబూ. ఎలకలైనా చదువుతాయనుకుంటే అవీ ముట్టుకోట్లేదు’ అన్నారు. నేను నవ్వాను. మాస్టారు నవ్వలేదు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో పెద్ద ముక్కే ఆ అటకెక్కింది మరి.

ఎందుకు వేసుకున్నారని అడిగాను. పత్రికలకు పంపితే ‘కథ బాగుంది, భాష కాస్త సరిచేసి పంపండి’ అని జవాబులొచ్చేవట. ఈయన కథల్లో మనుషులు ఆ చుట్టుపక్కల మాట్లాడినట్టే మాట్లాడతారు. ‘మా అమ్మ బతికినన్నాళ్లూ ఏటి అనే అంది. నేను ఏమిటి అని రాస్తే అది మా అమ్మ కాదు కదండీ’ అన్నారు. ఆ ఒక్క మాట కోసమే సొంత డబ్బు పెట్టిన మనిషిని వెర్రివాడని ఎలా అంటాం?

సొంతంగా పుస్తకం వేసుకోవడమంటే ఎవరూ వేయక వేసుకున్నదని మనలో చాలామందికి ఓ చిన్నచూపు. మన సాహిత్య చరిత్ర చూస్తే అలా అనిపించదు. కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ పత్రిక పెట్టి, సొంత అచ్చుకూటమూ నడిపారు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఊరూరా కాలినడకన తిరిగి పుస్తకాలమ్మారు. రంగనాయకమ్మ స్వీట్‌హోమ్ పేరుతో తన పుస్తకాలు తానే వేసి, మామూలు జనం కొనగలిగే ధర పెట్టారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు టామ్‌సాయర్ పేరు పెట్టుకుని తన పుస్తకాలను తనే జనంలోకి తీసుకెళ్లారు. శ్రీశ్రీ సంగతి చూడండి. ‘మహాప్రస్థానం’కి చలం ముందుమాట 1940లోనే రాశారు. పుస్తకం వచ్చింది 1950లో. అదీ నళినీకుమార్ అనే అభిమాని పూనుకుంటే! ఆ కవితలకే పదేళ్లు పట్టిందంటే మిగతావాళ్లు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

భాష మాటకొస్తే, మాస్టారికి దూరం వెళ్లాల్సిన పనే లేదు. గురజాడ అప్పారావు పుట్టింది కోటవురట్ల పక్క మండలం ఎస్.రాయవరంలో. వ్యావహారికంలో ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. అంతటితో ఆయన చేతులు దులుపుకోలేదు. దాన్ని తిరగరాసి, పెంచి, 1909లో మళ్లీ వేశారు. ఈరోజు మనం చదువుకుంటున్నది ఆ రెండోదే. అచ్చయిన పుస్తకాన్ని పక్కన పెట్టుకుని పన్నెండేళ్ల తర్వాత మళ్లీ కొత్తగా వేయడానికి ఎంత ఓపిక కావాలి? సొంత ఖర్చుతో వేసుకునేవాళ్లకి లేనిది ఎక్కువగా ఈ ఓపికే. అడ్డుచెప్పే సంపాదకుడు ఉండడు కాబట్టి, రాసింది రాసినట్టు ప్రెస్సుకి పోతుంది.

మాస్టారి పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. మొదటి పేజీలోనే ‘మా అమ్మ పాదులకు’ అని అంకితం. ‘పాదాలకు’ అనాల్సింది బీరపాదులపాలయింది. అంతకన్నా పెద్ద దెబ్బ లోపలుంది. డీటీపీ చేసిన కుర్రాడు పాపం మంచి మనసుతోనే, మాస్టారు తప్పులు రాశారనుకుని, కనబడిన చోటల్లా ‘ఏటి’ని ‘ఏమిటి’గా దిద్దేశాడు! కథలో ముసలమ్మ ఓ వాక్యం ఊరి మాటలో అంటుంది, పక్క వాక్యం పాఠ్యపుస్తకంలా చదువుతుంది. ఏ మాట కోసమైతే పత్రికల్ని కాదనుకున్నారో ఆ మాటే పోయింది. ‘ప్రూఫులు చూసింది ఎవరు మాస్టారూ?’ అంటే ‘నేనే. రెండుసార్లు చూశాను’ అన్నారు. ముప్ఫై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దిన మనిషికి సొంత తప్పు కనబడలేదు. ఎవరికీ కనబడదు. రాసినవాడి కన్ను కాగితం మీద ఉన్నదాన్ని కాకుండా, మనసులో ఉన్నదాన్ని చదువుకుంటుంది. ప్రూఫు మరొకరికివ్వాలి. వాళ్లు పండితులు కానక్కర్లేదు, మొహమాటం లేనివాళ్లయితే చాలు.

వెయ్యి కాపీలు ఎందుకు వేశారన్నదానికీ ఓ లెక్కుంది. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు మూడొందలు వేసినా వెయ్యి వేసినా ఒకటే. అందుకే ప్రెస్సువాళ్లు ‘ఇంకో అయిదొందలకి కాగితం ఖర్చే కదండీ’ అంటారు. లెక్క నిజమే. కాపీ ఒక్కింటికి ధర తగ్గుతుంది, అటక మీద బరువు పెరుగుతుంది. ఇప్పుడు డిజిటల్ ముద్రణలో యాభై, వంద కూడా వేయించుకోవచ్చు. కాపీకి కాస్త ఎక్కువే అవుతుంది. అవనివ్వండి. వంద అమ్ముడయ్యాక మరో వంద. ఈలోగా పాదుల్ని పాదాలుగా మార్చుకునే వీలూ ఉంటుంది.

పుస్తకం మీద ఓ ‘ప్రచురణ సంస్థ’ పేరుంది. డబ్బంతా మాస్టారిదే, పేరు మాత్రం వాళ్లది. ఐఎస్‌బీఎన్ నంబరుకని విడిగా కొంత తీసుకున్నారట. ఆ నంబరును మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా వేసుకునే రచయిత కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. హక్కుల కాగితం ఏదైనా ఉందా అంటే బీరువాలోంచి తీశారు. ఒక్క పేజీ. చదవకుండానే సంతకం పెట్టారు. పాఠం చదవకుండా పరీక్షకొచ్చే పిల్లల్ని బెంచీ ఎక్కించి ఉంటారే, ఆయనే!

అదృష్టం బాగుండి అందులో గడువు రాయలేదు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. హక్కులు రాసిచ్చిన పత్రంలో గడువు లేకపోతే అయిదేళ్లే అని లెక్క. ఎక్కడిదాకా అని రాయకపోతే మన దేశం వరకే. అసలు రాసిన క్షణం నుంచీ హక్కు రచయితదే, రిజిస్టరు చేయించనక్కర్లేదు. రచయిత బతికినన్నాళ్లూ, ఆ తర్వాత అరవై ఏళ్లూ ఉంటుంది. మనవలకి పొలం కాగితాలు దాచినట్టే దీన్నీ దాచాలి.

ఇంకో చట్టం సంగతి చెబితే మాస్టారు ఆశ్చర్యపోయారు. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వేసినవాళ్లు ముప్ఫై రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని గ్రంథాలయాలకూ సొంత ఖర్చుతో కాపీలు పంపాలి. కోటవురట్లలో అటక దిగని పుస్తకానికి కోల్‌కతాలో ఓ అర ఉందన్నమాట. కథలైతే అంత దూరం కూడా అక్కర్లేదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం ఉంది. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా చేర్చుకునే చోటది. దానికీ ఓ కాపీ పంపమన్నాను.

పంపడం కూడా ఇప్పుడు ఓ సమస్యే. షాపులో పెడితే ధరలో నలభై శాతం, ఒక్కోసారి సగం కమీషనుకి పోతుంది. డబ్బు ఎప్పుడొస్తుందో తెలీదు. చిన్న రచయితలు ఏళ్ల తరబడి రిజిస్టర్డ్ బుక్‌పోస్టు మీదే బతికారు. 2024 డిసెంబరులో తపాలా శాఖ దాన్ని ఎత్తేసింది. పుస్తకం ధరకీ తపాలా ఖర్చుకీ పోటీ పెట్టినట్టయింది. 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ తెచ్చారు. మూడొందల గ్రాముల దాకా ఇరవై రూపాయలు, పైన పన్ను. ఏ పుస్తకాలకు వర్తిస్తుందన్నదానికి షరతులున్నాయి. అందుకని కట్టలన్నీ మోసుకెళ్లే ముందు ఓ కాపీ పట్టుకెళ్లి పోస్టాఫీసులో అడగడం మంచిది.

ఇన్నీ చెప్పి బయల్దేరుతుంటే మాస్టారు ‘మరి చదివేవాళ్లెక్కడ?’ అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మీరు పని చేసిన బడికి వెళ్లి ఓ కథ చదివి వినిపించండి, అని ఏదో అనేసి బస్సెక్కాను.

కిందటి నెల మళ్లీ అటు పని పడి వాళ్లింటికెళ్లాను. ఆయన నిజంగానే బడికి వెళ్లారట. తొమ్మిదో తరగతిలో ముసలమ్మ కథ చదివితే పిల్లలు పడీపడీ నవ్వారట. ‘సార్, మా మామ్మ ఇలాగే తిడతాది’ అందట ఓ పిల్ల. ఆ సాయంత్రమే ఇద్దరు ముగ్గురు పిల్లలు మామ్మలకి చదివి వినిపిస్తామని పుస్తకాలడిగారు. ఆయన మాత్రం ఇవ్వలేదు. వారం రోజులాగి రమ్మన్నారట. ఎందుకో అర్థమైంది. నేను వెళ్లేసరికి వరండాలో నాలుగు కట్టలు విప్పి ఉన్నాయి. మాస్టారు ఎర్ర పెన్నుతో ఒక్కో కాపీలో ‘ఏమిటి’ కొట్టేసి పైన ‘ఏటి’ రాస్తున్నారు. ఒక్కో పుస్తకంలో ముప్ఫై ఏడు చోట్లట. ఎదురుగా పీట మీద వాళ్లావిడ కళ్లజోడు పెట్టుకుని, దిద్దిన కాపీ ఒకటి ఒళ్లో తెరుచుకుని చెబుతున్నారు. ‘నలభై రెండో పేజీ, కింది నుంచి మూడో లైను...’