వార్డెన్ సంతకం తల్లి అంగీకారమవుతుందా?

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు పరిశోధన పేరిట హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు. విమర్శలొచ్చాక 2010లో ఆపారు. 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద వార్డెన్ల సంతకాలే ఉన్నాయని తేలింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని బాలల హక్కుల ఉల్లంఘనగా తప్పుపట్టింది.

మన పేచీ టీకాతో కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అది నివారిస్తుంది. మన పేచీ అడగకపోవడంతోనే.

అమెరికాలో నవాజో జాతివారు తమపై జరిగే వైద్య పరిశోధనలను 1996 నుంచి తమ సొంత మండలి ద్వారానే అనుమతిస్తున్నారు. అదే ఏడాది వచ్చిన మన పెసా చట్టం గ్రామసభకు అధికారాలిచ్చింది. వాటిని వైద్య పరిశోధనలకూ విస్తరించాలి. తల్లులు కూర్చున్న గ్రామసభలో, వారి భాషలో చర్చ జరగాలి. సభ ఒప్పుకున్నా, ఏ తల్లికైనా, ఏ పిల్లకైనా వద్దనే హక్కుండాలి.