తిరుమల మెట్లు వేరు, గ్రాండ్ కాన్యన్ వేరు

ఈసారి నాకు కొంచెం కోపంగా ఉంది. అందుకే వాక్యాలు పొట్టిగా ఉంటాయి.

ఇక్కడ షాంటిలీలో, మా గుడి వంటింట్లో, ప్రతి వేసవికీ ఒకే మాట వింటాను. "జులైలో పిల్లలకి సెలవులు. గ్రాండ్ కాన్యన్‌లో మూడు రోజులు నడుద్దాం. తిరుమల మెట్లు ఎక్కినవాళ్లం, ఇదెంత?"

ఈ పోలిక తప్పు. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. ముందు ఎక్కుతాం. అలసిపోతే దిగిపోవచ్చు. దారిలో నీడ ఉంది, నీళ్లున్నాయి. కాన్యన్ దీనికి తలకిందులు. ముందు హాయిగా దిగుతాం. ఒళ్లు అలిసిపోయాక ఎక్కడం మొదలవుతుంది. సౌత్ కైబాబ్ దారిలో నది దాకా సుమారు 7 మైళ్లు, దాదాపు 4,800 అడుగుల దిగుడు. దారిలో ఒక్క కుళాయి లేదు. వేసవిలో అడుగున నీడలోనే 100 డిగ్రీలు దాటుతుంది.

అక్కడ విష్ణు టెంపుల్, శివ టెంపుల్ ఉన్నాయి కదా అంటారు. అవి గుళ్లు కావు, రాతి కొండలు. అక్కడ తీర్థం ఎవరూ ఇవ్వరు.

"కింద నీళ్లు దొరుకుతాయిగా?" దొరుకుతాయి, పైపు పగలకపోతే. 2024 ఆగస్టు చివర పగిలింది. సౌత్ రిమ్ హోటళ్లలో రాత్రి బస ఆపేశారు.

"మేం ఫిట్‌గా ఉన్నాం." వడదెబ్బ జిమ్ కార్డు చూడదు. వేసవిలో 10 నుంచి 4 దాకా ఎండలో నడవొద్దని రేంజర్లు ఊరికే చెప్పరు.

వెళ్లాలంటే అక్టోబర్‌లో వెళ్లండి. కింద పడుకోవడానికి పర్మిట్ కావాలి, నెలల ముందే అడగండి. ఒక రాత్రి నది దగ్గర బ్రైట్ ఏంజెల్ క్యాంపులో, రెండో రాత్రి సగం దారిలో హవాసుపాయ్ గార్డెన్స్‌లో ఉండండి. అప్పుడు ఎక్కడం రెండు ముక్కలవుతుంది. తెల్లవారకముందే బయలుదేరండి. ఫిల్టర్ పట్టుకెళ్లండి. జంతికలు కూడా. చెమట పట్టినప్పుడు ఉప్పు లేకుండా నీళ్లే తాగుతూ పోవడం కూడా ప్రమాదమే.

పర్మిట్ రాకపోతే మూడు రోజుల నడకని ఒక్కరోజులోకి కుక్కకండి. పైనుంచి చూసి వచ్చేయండి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మన మర్యాద. మన పిల్లలు "నావల్ల కాదు, మామయ్యా" అనడానికి సిగ్గుపడతారు. పెద్దవాళ్లు అసలే అనరు. అందుకే ఈ వారం ఒక్క వాక్యం నేర్చుకోండి: "వెనక్కి వెళ్దాం." గుంపులో ఎవరన్నా సరే, అందరూ తిరగాలి. ఈ షరతుకి ఒప్పుకోనివాళ్లతో వెళ్లకండి.