శ్రీనాథునికి చాటువులే ప్రమాణమా?

మన ప్రాచ్యకళాశాలలలో శ్రీనాథునిపై పరిశోధించు విద్యార్థిని ఆ కవి కాలమును గూర్చి ప్రశ్నించినచో, తరచుగా చాటుపద్యములే సమాధానముగా వచ్చుచున్నవి. వానిలో కొన్ని ఆయనవే కావచ్చును. కాని నోటనోట తిరిగిన పద్యములను మాత్రమే ఆధారముగా గొని కవి జీవితమును నిర్ణయించుట శాస్త్రసమ్మతము కాదు. ప్రమాణము లేనిదే ప్రమేయము సిద్ధింపదు కదా!

ఈ దోషమున నాకును పాలున్నది. పాఠశాలలో శ్రీహర్షుని నైషధమును సవ్యాఖ్యానముగా చదివితిని. దానితో శృంగారనైషధమును పోల్చుచు దశాబ్దములు పాఠము చెప్పితిని. గుంటూరునకు పడమట, పత్తి మిరప చేల నడుమనున్న ఫిరంగిపురపు శాసనమును మాత్రము ఉద్యోగవిరమణానంతరమే చదివితిని. పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబ త్రవ్వించిన సంతానసాగరమను చెరువును గూర్చిన ఆ 1409 నాటి శాసనమును రచించినవాడు విద్యాధికారి శ్రీనాథుడు. చాటువులలోని విలాసపురుషుడు అందు కానరాడు. చెరువు త్రవ్వించిన పుణ్యమును రాజ్యము పక్షమున శిలపై నిలిపిన అధికారి కానవచ్చును.

ఇక హరవిలాసము. కృతిభర్త అవచి తిప్పయసెట్టి వర్తకుడు. సింహళపు ఏనుగులు, హురుమంజి గుఱ్ఱములు, చీనాపట్టు ఆ వర్తకకుటుంబపు వ్యాపారవస్తువులుగా అవతారికలో పేర్కొనబడినవి. మనము దానిని వర్ణనముగానే దాటిపోవుచున్నాము. చీరాల సమీపముననున్న మోటుపల్లి రేవునందు 1244లో కాకతి గణపతిదేవుడును, 1358లో అనపోతారెడ్డియు వర్తకులకు అభయమిచ్చి వేయించిన శాసనములను చేర్చి చదివినప్పుడే ఆ వర్ణనము వెనుకనున్న లోకము తెలియును. ఆ కావ్యమున మొదటి కథ చిరుతొండనంబిది. అరవమున సేనానియైన ఆ భక్తుడు తెలుగున పాల్కురికి సోమనాథుని నాటికే సిరియాలసెట్టి. వర్తకునకు అంకితమైన శైవకావ్యమునకు వర్తకభక్తుని కథతో ఆరంభము కుదురుట యాదృచ్ఛికమని నేను తలపను. రాజ్యము, మతము, రేవుపట్టణము ఇచ్చట ఒక్కచోట కలిసినవి.

కావ్యమునకు రసమే ప్రధానము, శాసనములతో పనియేమని కొందరందురు. రసము ప్రధానమే. కాని కవి ఎవరి ఎదుట, ఏ లోకమున నిలిచి పలికెనో తెలియనిచో ధ్వనిలో సగము మనకు వినబడదు. మూలము లేనిది వ్రాయనని కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసెను. ఆ ప్రతిజ్ఞ వ్యాఖ్యాతలకే కాదు, పరిశోధకులకును వర్తించును. ఇకమీదట శ్రీనాథునిపై సమర్పింపబడు ప్రతి సిద్ధాంతగ్రంథమున శాసనపరిశీలనమునకు ఒక ప్రకరణమైనను ఉండవలెనని అధ్యాపకమిత్రులకు నా విన్నపము.