ఆఖరు పిల్ల

ప్రశ్న: కోడిని 10 గుడ్లమీద పొదగేశాం. 21వ రోజుకు తొమ్మిది పిల్లలు లేచాయి. పదో గుడ్డు మర్నాడు పిగిలింది. పిల్ల మరీ చిన్నది, నిలబడలేకుండా ఉంది. తల్లికోడి దాన్ని వదిలేసి మిగతావాటితో మేతకు పోయింది. మా అమ్మాయి అన్నం ముట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు తిండి సంగతి మరిచిపోండి. గుడ్డులోని పచ్చసొన దాని కడుపులో ఇంకా ఉంటుంది. రెండు రోజులదాకా అదే ఆహారం. బలవంతాన నూకలు నోట్లో పోస్తే ఊపిరాడక పోతుంది.

కావలసింది వెచ్చదనం. అట్టపెట్టెలో గరుకు గోనెపట్టా పరవండి. కాగితమైతే కాళ్ళు జారి ఎడమైపోతాయి. ఒక మూల, గోనెకు తగలకుండా, పాతరకం 40 వాట్ల బల్బు వేలాడదీయండి. ఎల్.ఇ.డి. బల్బు పనికిరాదు, అది వేడినివ్వదు. బల్బు దగ్గర 35 డిగ్రీల వేడి చాలు. పిల్ల బల్బుకిందే ముడుచుకుని అరిస్తే చలి. దూరంగా పోయి నోరు తెరిస్తే ఉక్క.

ఒళ్ళు ఆరాక, చిటికెడు పంచదార కలిపిన గోరువెచ్చని నీళ్ళలో ముక్కు కొన మాత్రం ముంచండి. నీళ్ళమూతలో గులకరాళ్ళు వెయ్యండి, మునగదు. కాళ్ళు నిలిచాక, రాత్రిపూట చీకట్లో మెల్లగా తల్లికిందికి తొయ్యండి.

ఇంత చేసినా బతకకపోవచ్చు. ఆ మాట అమ్మాయికి ముందే చెప్పండి. కాని నీళ్ళు పట్టే పని మాత్రం ఆమెకే అప్పగించండి.