ఆ ఏడు టైటిళ్లు ఎప్పుడో పోయాయి

సంపాదకులకు,

అమెరికాలో కొడుకుల ఇళ్లకు వెళ్లిన పెద్దలు పార్కుల్లో కూర్చుని సైకిలు వీరుల పెళ్లిళ్లూ పేచీలూ ముచ్చటించుకుంటారని ఆదివారం రాశారు. ముచ్చట్లకేం గానీ, అందులో అమెరికా సైకిలు రేసర్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ‘ఏడుసార్లు టూర్ ద ఫ్రాన్స్ విజేత’ అనడమేమిటి? 1999-2005 నాటి ఆ టైటిళ్లన్నీ డోపింగ్ వల్ల 2012లోనే రద్దయ్యాయి.

ఇప్పుడు రికార్డుల్లో పురుషుల టూర్ గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ ఒక్కడే: 1986, 1989, 1990. 1987లో వేటకెళ్లి, బంధువు తుపాకీ గుళ్లు ఒంటినిండా దిగి చావు తప్పించుకున్నాడు. రెండేళ్లకే పారిస్‌లో 8 సెకన్ల తేడాతో గెలిచాడు. గాసిప్పే కావాలంటే ఇంతకన్నా మసాలా ఎక్కడుంది? మావాళ్లు పేపర్లో చదివిందే అక్కడ మనవళ్లతో వాదిస్తారు, నవ్వులపాలవుతారు. సవరణ వేయండి, లెమాండ్ ఫొటోతో సహా.

— ఒక సైకిలు అభిమాని, జలదంకి, నెల్లూరు జిల్లా